ఇరవై వేలల్లో పడసాల: మొగురాలు మాత్రం అమ్మొద్దు

పాతగూడెంలో మన ఇల్లు 1954లో లేచింది. అప్పుడు ఈ ఊరు మధ్యప్రదేశ్‌లో, చాందా జిల్లా కింద ఉండేది. 1956లో బొంబాయి రాష్ట్రం అయింది. 1960 మే 1న మహారాష్ట్ర అయింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా పుట్టింది. ఉత్తరం మీద రాసే చిరునామా ఇన్నిసార్లు మారింది కానీ ఇల్లు అడుగు కదలలేదు. బయట బడిలో మరాఠీ, సంతలో గోండీ, మరాఠీ, తెలుగు కలగలుపు. గడప దాటి పడసాలలోకి వస్తే తెలుగే. అందుకే ఈ పడసాల గురించి ఏ మాట వచ్చినా మన ఇంట్లో గొంతులు పెరుగుతాయి.

పట్నంలో పుట్టిన పిల్లల కోసం చెబుతున్నాను. పడసాల అంటే ముందు హాలు. మొగురాలు అంటే దాని కప్పును మోసే టేకు స్తంభాలు. మనవి నాలుగు. వాటి మీద రెండు దూలాలు, దూలాల మీద వాసాలు, ఆపైన గూన పెంకులు.

మొన్న 2024 దీపావళికి అందరం కలిసినప్పుడు చిన్నాయన కొడుకు మాట ఎత్తాడు. బిడ్డకు సంబంధం కుదిరింది. మాఘమాసంలో వరపూజ. ఇక్కడి మరాఠీవాళ్లు సాక్షగంధ్ అంటారు, మనం వరపూజ అంటాం. మగపెళ్లివారు నాగపూర్‌లో ఫ్లాట్‌లో ఉండేవాళ్లు.

"అన్నా, గీ పడసాలల ఎట్ల కూసోవెడ్తం వాళ్లను? గుహ లెక్క ఉన్నది. మొగురాలు, దూలాలు, పెద్ద దర్వాజ అన్నీ కలిపి బేరగాడు ఎనభై అయిదు వేలు ఇస్త అంటున్నడు. ఇంకింత కలుపుకొని పైన రేకులేసి, కింద పీవీసీ సీలింగ్ కొట్టిద్దాం. గోడలకు ప్యానెల్స్. పదిహేను రోజుల పని."

ఇదంతా మన ఊరికి కొత్త సంగతి. నా చిన్నప్పుడు ఇంద్రావతి దాటాలంటే పడవే దిక్కు. ఇప్పుడు మన దగ్గర ఇంద్రావతి మీద, సిరొంచ దగ్గర గోదావరి మీద వంతెనలు ఉన్నాయి. 63వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతోంది. మంచిర్యాల నుంచి, జగ్దల్‌పూర్ నుంచి ఏ సామానైనా పొద్దుటికల్లా దిగుతుంది. మంచిదే. రోడ్డు వచ్చాక మందులు వచ్చాయి, చదువులు వచ్చాయి. దానితోపాటు పాత కర్ర కొనే బేరగాడూ వచ్చాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పడసాల పాతబడిందన్న మాట నిజం. బాగు చేయాలన్న మాటా నిజం. కానీ దాన్ని పాతగా చేసింది కర్ర కాదు. చీకటి, చెత్త, కూర్చునే పద్ధతి. ఈ మూడూ ఇరవై వేలల్లో బాగుపడతాయి. అమ్మిన మొగురాన్ని మాత్రం రెండు లక్షలు పెట్టినా మళ్లీ తేలేం.

ఎందుకు తేలేమో లెక్క చెబుతాను. అటవీశాఖ పెంచే టేకు తోట కోతకు రావడానికే 60 నుంచి 80 ఏళ్లు పడుతుంది. మన మొగురాలు తోట కర్ర కాదు, తాత కాలంలో అడవిలో తనంతట తాను పెరిగిన చెట్టుది. అలాంటి పాత చెట్లు ఎలా ఉంటాయో చూడాలంటే ఇప్పుడు ఆలాపల్లి వెళ్లాలి. అక్కడ మిగిలిన ఒక చిన్న అడవి ముక్కను 'గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి' పేరుతో మహారాష్ట్ర ప్రభుత్వం 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2023 మార్చిలో అయోధ్య గుడికి టేకు పంపింది బల్లార్షా డిపో నుంచే. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల కర్ర అది. దేశం తన పెద్ద గుడి తలుపులకు మన అడవి టేకును వెతుక్కుంటూ వచ్చింది. మనం అదే టేకును అమ్మి ప్లాస్టిక్ పలక తెచ్చుకుందామంటున్నాం.

ఇంత గట్టిగా మాట్లాడానా, అప్పుడు మూలన నిలబడ్డ బిడ్డ నోరు విప్పింది. ఎవరి వరపూజ కోసం ఈ గొడవో ఆ బిడ్డే.

"పెద్దబాపూ, మొగురాలతోటి నాకేం పంచాయితీ లేదు. కానీ పగలు పన్నెండు గంటలకు గూడ లైటేసుకోవాలె. మీదికెల్లి మట్టి రాలుతది. నా దోస్తులొస్తే ఎన్నడన్న ఈ పడసాలల కూసోవెట్టిన్నా? మీరందరు మొగోళ్లు కుర్చీలల్ల కూసుంటరు, మేము తలుపెనుక నిలవడ్తం. పాతదంటే నాకు గది."

నాకు మాట రాలేదు. అరవై రెండేళ్ల నుంచి ఆ గదిలో కూర్చుంటున్నాను. మన అవ్వ ఎక్కడ కూర్చునేదో అప్పుడు గుర్తొచ్చింది. అర్ర గడప మీద, సగం లోపల, సగం బయట. చిన్న పీట వేసుకుని. పడసాలలో పంచాయితీలు, పెళ్లి మాటలు, పంపకాలు అన్నీ ఆమె విన్నది. ఒక్క రోజూ కుర్చీ ఎక్కలేదు.

సరే, ఒప్పందం కుదిరింది. నాకు ఇరవై వేలు, ఒక నెల. నచ్చకపోతే బేరగాడిని పిలుస్తారు. నేను అడ్డం రాకూడదు.

ముందు బయటికి తీయడం

మొదటి వారం పైసా ఖర్చు కాలేదు. పడసాలలో ఉన్నవన్నీ వాకిట్లోకి తెచ్చి పెట్టాం. రెండు ఇనుప బీరువాలు, పని చేయని టీవీ, మూత ఊడిన కూలర్, ఎరువుల బస్తాలు, తునికాకు కట్టే తాళ్ల మూట, పదకొండు ఏళ్ల క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి. ఏ ఏడాదివీ తీయకుండా పైన కొత్తది తగిలిస్తూ పోయాం. ఒక బీరువా ఉత్తరం కిటికీకి అడ్డంగా ఉంది. ఆ కిటికీ ఉందన్న సంగతే బిడ్డకు తెలియదు!

ఖాళీ పడసాలను చూసి మా తమ్ముడే అన్నాడు, "ఇంత పెద్దగున్నదా అన్నా ఇది" అని. తిరిగి లోపలికి వచ్చినవి సగం కంటే తక్కువ. గది పెద్దది కావాలంటే గోడ జరపనక్కర లేదు, బీరువా జరిపితే చాలు. ఇది ఏ ఇంటికైనా పనికొచ్చే మాట.

గోడల దగ్గర నేను చేసిన తప్పు

నేను తెలివైనవాడినని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మొదటి దెబ్బ నాదే. ఓ దుకాణంలో "కడుక్కోవచ్చు, మెరుస్తది" అంటే నమ్మి 1,400 పెట్టి ఎమల్షన్ రంగు డబ్బా తెచ్చి పడమటి గోడకు వేయించాను. మూడు వారాలు తిరగకముందే ఉల్లిపొరలా లేచింది.

కారణం తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే తెలిసింది. మనవి మట్టి గోడలు. మట్టి గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, గాలిలోకి వదులుతుంది. ప్లాస్టిక్ లాంటి రంగు పైన పూస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది, లోపల చేరి పొరను తోసేస్తుంది. వెనకటికి బాపు గోడ అడుగున రెండు అడుగుల ఎత్తు సిమెంటు పూయించాడు. చెమ్మ ఆగలేదు, సిమెంటు దాటి పైకెక్కింది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి పారిన ఏడాది మన గోడలన్నీ తడిసిపోయి ఉన్నాయి. సిమెంటు లేని గోడ వేసవికి ఆరింది, సిమెంటు ఉన్న గోడ ఇప్పటికీ మచ్చలతోనే ఉంది.

అందుకని మళ్లీ సున్నానికే వచ్చాం. రాలిన చోట ఎర్రమట్టి, వరిగడ్డి, పేడ కలిపి మెత్తి ఆరబెట్టాం. సున్నపురాయిని డ్రమ్ములో నీళ్లు పోసి మగ్గబెట్టి రెండు రోజులు ఉంచి, బట్టలో వడగట్టి, తుమ్మజిగురు నీళ్లు కలిపాం. కొద్దిగా నీలిమందు. గోడను ముందు నీళ్లతో తడిపి, పలుచగా మూడు పూతలు. వేసిన రోజు బూడిదరంగులో కనిపించి భయపెడుతుంది, కంగారు పడొద్దు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, అప్పుడు తెలుపు తేలుతుంది. రాయి మగ్గేటప్పుడు కుతకుత ఉడుకుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం.

గోడలు తెల్లబడితే సగం చీకటి పోయింది. అడుగున రెండు జానల మేర జాజు పట్టీ వేశాం. అవ్వ ఉన్నప్పుడు ప్రతి సంక్రాంతికి వేసేది.

కర్ర

మొగురాలు నల్లగా ఉన్నాయని అందరం అనుకున్నాం. అది కర్ర రంగు కాదు. డెబ్బై ఏళ్ల దీపపు మసి, చేతి జిడ్డు, మధ్యలో ఎవరో పూసిన వార్నిష్. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, ఇసుక కాగితంతో కర్ర పొర వెంబడే రుద్దితే లోపల్నుంచి తేనె రంగు వచ్చింది. తమ్ముడి కొడుకు రెండు రోజులు రుద్దాడు. ఒక మొగురం మీద ఉలితో చెక్కిన చిన్న నెమలి బయటపడింది. తాతకు పని చేసిన వడ్రంగి చెక్కినది. మేమెవరం దాన్ని ఎన్నడూ చూడలేదు.

తర్వాత ఉడికించిన అవిసె నూనె, బట్టతో పలుచగా రెండుసార్లు. ఒక జాగ్రత్త మాత్రం మరువొద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. దండెం మీద పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో నానవేసి పారేయండి. గూన ఇంట్లో ఈ సంగతి తెలియకపోతే ఇల్లే పోతుంది.

కప్పు, వెలుతురు

తమ్ముడు అడిగిన సీలింగ్ అవసరమే. గూనల సందుల్లోంచి మట్టి, ఎలుకల చెత్త, కోతులు విరగ్గొట్టిన ముక్కలు రాలుతాయి. అయితే దానికి పీవీసీ ఎందుకు? మేదరివాళ్ల దగ్గర పది తడకలు నేయించాం. వెదురును మూడు వారాలు పారే నీళ్లలో నానబెట్టిన తర్వాతే చీల్చారు. అలా నానితే వెదురులోని పిండి పదార్థం కరిగిపోతుంది, పురుగు తక్కువ పడుతుంది. వాసాల కింద వెదురు బద్దలు కొట్టి తడకలు బిగించాం. మట్టి రాలడం ఆగింది. కప్పుకు, తడకకు మధ్య గాలి ఆడుతుంది కాబట్టి ఎండాకాలం వేడి తగ్గుతుంది. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ రేకుల కింద కూర్చోమంటే ఒప్పుకోరు.

రెండు చోట్ల గూనలు తీసి వెలుతురు వచ్చే ఫైబర్ రేకు ముక్కలు పెట్టాం. ఆ రెండు చోట్ల తడక వేయలేదు. పగలు లైటు మాట లేదు ఇక. రాత్రికి ఒకే నడిమి ట్యూబులైటు తీసేసి, మొగురాల పక్కన నాలుగు చిన్న ఎల్ఈడీ బల్బులు పెట్టాం, పసుపు వెలుగువి. తొమ్మిది వాట్ల బల్బు పాత అరవై వాట్ల బల్బంత వెలుగిస్తుంది. ఒకే లైటు మనుషుల ముఖాల మీద నీడలు వేస్తుంది. నాలుగు మూలల నుంచి వస్తే కర్ర కూడా కనిపిస్తుంది, మనుషులూ కనిపిస్తారు.

కూర్చోవడం

ఇక్కడ బిడ్డ చెప్పినట్టే చేశాం. ఇన్నాళ్లూ కుర్చీలన్నీ గోడ వెంబడి, వీధి తలుపు వైపు చూస్తూ వరుసగా ఉండేవి. వచ్చినవాళ్లు, ఇంటి మగవాళ్లు ఎదురెదురుగా. ఆడవాళ్లకు గడప. ఇప్పుడు నాలుగు కేన్ కుర్చీలను మళ్లీ అల్లించి, అటక మీది పాత మంచాన్ని కోళ్లు కోసి దివాన్ చేసి, ఉత్తరం కిటికీ కింద వేసి, అన్నిటినీ గుండ్రంగా పెట్టాం. నడుమ జంపఖానా. పెట్టెలో ముప్పై ఏళ్లుగా మడతలో ఉంది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మనం దాన్ని బియ్యం ఆరబోయడానికి వాడుతున్నాం. అవ్వ నేత చీరలు రెండు కిటికీ తెరలయ్యాయి, ఒకటి దిండు గలేబులైంది. చిన్నమ్మ కొంచెం నొచ్చుకుంది, "అవ్వ చీరె కోస్తరా" అని. తెరలు వేలాడదీశాక వచ్చి చాలాసేపు కొంగు పట్టుకుని చూసింది.

అవ్వ పీటను గడప మీద నుంచి తీసి పడసాల నడుమకు తెచ్చాం. దాని మీద ఇత్తడి చెంబులో పూలు.

లెక్క

ఇంట్లో అడిగేవాళ్లు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను.

సున్నం, జిగురు, నీలిమందు, కుంచెలు: 2,300
సున్నం వేసిన ఇద్దరి కూలి, నాలుగు రోజులు: 4,000
అవిసె నూనె, ఇసుక కాగితం: 2,200
తడకలు, బిగించే కూలి: 5,000
ఫైబర్ రేకు ముక్కలు: 900
బల్బులు, వైరింగ్: 1,850
కుర్చీల అల్లకం: 1,600
కుట్టు కూలి: 650
పెద్దబాపు తెలివికి మూల్యం, ఎమల్షన్ డబ్బా: 1,400
మొత్తం: 19,900

మిగిలిన వందకు మిర్చి బజ్జీలు తెచ్చుకుని జంపఖానా మీద కూర్చుని తిన్నాం.

ఎదురు మాటలు

సున్నం ఏడాదికోసారి వేయాలి, ఎవరు వేస్తారు అని అడిగారు. నిజమే, శ్రమ ఉంది. ప్యానెల్‌కు శ్రమ ఉండదు, పదేళ్లకు ఊడితే పారేయడమే. ఏడాదికి ఒక రోజు అందరం వచ్చి గోడకు కుంచె పట్టుకుంటే ఇల్లు నిలబడడమే కాదు, మనం కలుసుకోవడానికి ఒక సాకు కూడా. అలా రాలేమనుకుంటే ఆ మాట నిజాయితీగా చెబుదాం. తప్పు మాత్రం మొగురం మీదికి నెట్టొద్దు.

అందరికీ టేకు ఇల్లు ఉందా అని ఇంకొకరు అన్నారు. లేదు. మన చుట్టాల్లో చాలామంది ఘర్‌కుల్ ఇళ్లలో ఉన్నారు. ప్రధానమంత్రి ఆవాస్ కింద మన లాంటి జిల్లాలకు ఇచ్చేది లక్షా ముప్పై వేలు, ఇల్లు పాతిక చదరపు మీటర్ల నుంచి మొదలు. అందులో ముందు గది చిన్నదే. వాళ్లకూ ఇదే వరుస: అక్కరలేనివి తీయడం, కిటికీ విడిపించడం, గోడ తెలుపు, నాలుగు వైపుల వెలుగు, గుండ్రంగా కూర్చోవడం. వీటిలో ఏదీ అయిదారు వేలు దాటదు.

వార్ధా దగ్గర సేవాగ్రామ్ మనకు దూరమేమీ కాదు. గాంధీజీ 1936లో ఆ పల్లెకు వచ్చి ఉన్నాడు. ఆయన ఉన్న బాపూ కుటీ మొదట మీరాబెన్ తన కోసం కట్టుకున్నది. మట్టి గోడలు, వెదురు, గూన పెంకులు. గోడ మీద మట్టితోనే తాటిచెట్ల బొమ్మలు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పెద్ద మనుషులు ఆ గదిలో చాప మీదే కూర్చున్నారు. గది గౌరవం దాని సామానులో ఉంటే ఎవరైనా అక్కడికి వెళ్లేవారా?

తమ్ముడి మాటలో న్యాయం ఉన్న చోట ఒప్పుకున్నాను. వెనక వంటిల్లు, స్నానాల గది పాత పద్ధతిలో ఉంచడం అన్యాయం. అవి పడగొట్టి స్లాబు వేద్దామన్నాడు, నేనే ముందు చెయ్యి ఎత్తాను. పొగలో వంట చేసేవాళ్లను వారసత్వం పేరు చెప్పి ఆపే హక్కు మనకు లేదు.

వరపూజ నాడు మగపెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకు నాయనమ్మ, ఎనభై ఏళ్ల ముసలామె, మొదలు మొగురం దగ్గరికి వెళ్లి నెమలిని తడిమింది. మరాఠీలో ఏదో అంది, నాకు సగమే వినపడింది. తర్వాత మన చిన్నమ్మ పక్కన దివాన్ మీద కూర్చుంది. మాటలు జరిగినంతసేపూ ఇంటి ఆడవాళ్లు పడసాలలోనే ఉన్నారు. ఓచోట పెళ్లి తేదీ మీద మగవాళ్లం తడబడితే, ధర చెప్పినట్టు గట్టిగా తిథి చెప్పి తేల్చింది చిన్నమ్మే. ఈ గదిలో ఆమె గొంతు అంత గట్టిగా వినడం నాకు అదే మొదటిసారి.

బేరగాడు ఆ తర్వాత ఒకసారి ఫోన్ చేశాడు. తమ్ముడే ఎత్తాడు. "ఇప్పుడైతే వద్దన్నా" అన్నాడు. 'ఇప్పుడైతే' అన్న మాట నేను విన్నాను. అందుకే ఇది రాశాను. హైదరాబాద్, కరీంనగర్, నాగపూర్‌లలో ఉన్న మనవాళ్లకు ఈ ఇంట్లో వాటా ఉంది, మాట కూడా ఉంది. వచ్చే సంక్రాంతికి ముందు ఆదివారం సున్నం మగ్గబెడతాం. మాట చెప్పదలుచుకున్నవాళ్లు కుంచె పట్టుకుని రండి.